బ్రహ్మహృదయ నక్షత్రం: ఋషులు చెప్పనిదానిని వారి నోట పలికించవచ్చునా?



గడచిన కార్తీకమాసంలో ఒక సాయంత్రం మా ఊరి శివాలయ మంటపంలో దహరవిద్యను గురించి నాలుగు మాటలు చెప్పే భాగ్యం కలిగింది. ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయంలోని ఆ ప్రకరణం సాధకులకు సుపరిచితమే. దేహమనే పురంలో హృదయపద్మం, ఆ పద్మంలో సూక్ష్మమైన ఆకాశం, ఆ ఆకాశం బయటి మహాకాశంతో సమానమైనదన్న ఉపదేశం. హృదయం, ఆకాశం, నక్షత్రం అనే మూడు మాటలు ఒకచోట చేరేసరికి నాకు బ్రహ్మహృదయ తార స్ఫురించింది. అక్కడితో ఊరుకొనక, ఎప్పుడో చరవాణిలో వచ్చిన ఒక సందేశాన్ని జ్ఞాపకం చేసుకొని, "ఈ తార ఒకటి కాదు, రెండు. పాశ్చాత్యులు ఈ రహస్యాన్ని 1899లో కనుగొన్నారు. మన ఋషులకు అది వేల ఏండ్లనాడే తెలుసు. హృదయానికి కుడి ఎడమలుగా రెండు భాగాలున్నట్లే ఆ తారకూ రెండు భాగాలున్నవి గనుకనే దానికి బ్రహ్మహృదయమని పేరు పెట్టినారు" అని ఉద్ఘాటించాను. సభలో కరతాళధ్వనులు మ్రోగినవి. నేనూ సంతోషించాను.

ప్రసాద వితరణ అయిన తరువాత ఇంటర్మీడియట్ చదువుకొనే ఒక అమ్మాయి వచ్చి, చేతులు జోడించి, "మాస్టారూ, రెండు నక్షత్రాలని చెప్పే శ్లోకం ఏదండీ? వ్రాసుకుంటాను" అన్నది. పుస్తకం, కలం చేతిలోనే ఉన్నవి. నా వద్ద శ్లోకం లేదు. "చూసి చెబుతానమ్మా" అన్నాను.

ఆ చూడడంలోనే ఈ వ్యాసం పుట్టింది. విజ్ఞులైన పాఠకులు దీనిని ఖగోళపాఠంగా కాక, ఒక ప్రవచనకారుడు తన వాక్కుకు తానే విధించుకొన్న విచారణగా స్వీకరించమని ప్రార్థన.

ముందుగా గ్రంథం ఏమి చెప్పినదో చూద్దాం. బ్రహ్మహృదయం పేరు సూర్యసిద్ధాంతం ఎనిమిదవ అధ్యాయమైన నక్షత్రగ్రహయుత్యధికారంలో వస్తుంది. అశ్విన్యాది నక్షత్రాల ధ్రువకాలను, విక్షేపాలను చెప్పిన పిమ్మట ఆచార్యుడు కొన్ని విశిష్ట తారలను పేర్కొంటాడు. అగస్త్యుడు, మృగవ్యాధుడు, అగ్ని, బ్రహ్మహృదయం, ప్రజాపతి మొదలైనవి. అగ్ని, బ్రహ్మహృదయం రెండూ వృషభరాశి 22వ అంశలో ఉన్నవనీ, క్రాంతివృత్తానికి ఉత్తరంగా మొదటిది 8 అంశలు, రెండవది 30 అంశలు దూరంలో ఉన్నవనీ చెప్పబడినది. బ్రహ్మహృదయానికి తూర్పున 5 అంశల ఎడంలో ప్రజాపతి తార. ఇంతే. ఒక తార, ఒక స్థానం, ఒక విక్షేపం. ద్వివచనం లేదు, యుగ్మమన్న సూచన లేదు, హృదయానికి భాగాలున్నవన్న ఉపమానమూ లేదు.

పైగా ఆ 30 అంశలన్న సంఖ్య కూడా నేటి కొలతకు సరిపోదు. ఆ తార క్రాంతివృత్తానికి ఉత్తరంగా సుమారు 23 అంశల దూరంలో ఉన్నది. 1860లో సూర్యసిద్ధాంతాన్ని ఆంగ్లంలోనికి అనువదించిన బర్జెస్ గ్రంథంలోని వ్యాఖ్యానాలలోనే ఈ భేదం ఎత్తిచూపబడినది. ఏడు అంశలంటే చేయి చాపి చూస్తే మూడు నాలుగు వ్రేళ్ల వెడల్పు. లేఖకదోషమో, వేధదోషమో, పాఠభేదమో నిర్ణయించే అర్హత నాకు లేదు. కాని, కొలతలో ఏడు అంశలు తేడా ఉన్న గ్రంథానికి, నేను సభలో అంతకంటె ఎన్నో లక్షల రెట్లు సూక్ష్మమైన దృష్టిని ఆపాదించాను.

ఆ సూక్ష్మత ఎంతటిదో చెప్పాలి. ఆకాశంలో ఈ తారను గుర్తించడం కష్టం కాదు. కృత్తిక, రోహిణులకు ఉత్తరంగా, పసుపు ఛాయగల కాంతితో నిశ్చలంగా వెలిగే తార అదే. రాత్రి ఆకాశంలోని తారలలో కాంతిలో ఆరవది. పాశ్చాత్యులు దీనిని కాపెల్లా అంటారు. లాటిన్ భాషలో ఆ పదానికి చిన్న మేక అని అర్థం. గ్రీకుల గాథలో తమ దేవరాజైన జ్యూస్‌ను శైశవంలో పాలిచ్చి పెంచిన మేక ఇదే. మనకు బ్రహ్మ హృదయం, వారికి దేవునికి స్తన్యమిచ్చిన తల్లి. ఆ వెలుగును చూసిన రెండు జాతులకూ ఏదో ఆర్ద్రత కలిగినట్లున్నది.

కంటికి ఒకటిగా కనిపించే ఆ తారను కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో విలియం వాలెస్ క్యాంప్‌బెల్ వర్ణపటదర్శినితో పరిశీలించాడు. నక్షత్రకాంతిని పట్టకంలో విడదీసినప్పుడు వర్ణాల మధ్య నల్లని రేఖలు కనిపిస్తాయి. తార మనవైపు వస్తుంటే ఆ రేఖలు నీలం వైపుకు, దూరంగా పోతుంటే ఎరుపు వైపుకు జరుగుతాయి. బ్రహ్మహృదయపు రేఖలలో రెండు వేర్వేరు తారల రేఖలు కలిసి ఉన్నవి. ఒకదాని రేఖలు ఇటు జరిగినప్పుడు మరొకదానివి అటు జరుగుతున్నవి. వచ్చేది ఒకటి, పోయేది ఒకటి. 1899లో ఆయన ఈ సంగతిని ప్రకటించాడు. అదే సంవత్సరం కేంబ్రిడ్జిలో హ్యూ న్యూఆల్ స్వతంత్రంగా అదే నిర్ణయానికి వచ్చాడు. రెండు తారలు 104 దినాలకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి ప్రదక్షిణం చేస్తున్నవని తేలింది.

అయినా వాటిని విడివిడిగా చూసినవారు లేరు. ఎంత పెద్ద దూరదర్శినిలో చూసినా ఒకటే బిందువు. 1919-20 శీతకాలంలో మౌంట్ విల్సన్ వేధశాలలోని 100 అంగుళాల దూరదర్శినికి మైకెల్సన్ పద్ధతిలోని వ్యతికరణమాపకాన్ని అమర్చి జాన్ ఆండర్సన్ మొట్టమొదట వాటి మధ్య ఎడాన్ని కొలిచాడు. ఆ కోణం సుమారు ఒక వికలలో ఇరవయ్యవ వంతు. పది రూపాయల నాణేన్ని 100 కిలోమీటర్ల దూరంలో నిలబెట్టి ఇక్కడినుంచి చూస్తే దాని వెడల్పు ఎంతో, అంత. మానవనేత్రం విడదీయగల కనిష్ఠకోణం దీనికి వేయి రెట్లు పెద్దది. చివరకు 1995లో కేంబ్రిడ్జి పరిశోధకులు వేర్వేరు దూరదర్శినుల కాంతిని ఒకటిగా కలిపి, రెండు బిందువులుగా విడివడిన బ్రహ్మహృదయపు చిత్రాన్ని తీయగలిగారు.

ఆ రెండూ మహాకాయ తారలు. ఒక్కొక్కటి మన సూర్యునికి సుమారు రెండున్నర రెట్ల ద్రవ్యరాశి కలది. పెద్దదాని వ్యాసార్ధం సూర్యునికి సుమారు 12 రెట్లు, రెండవదానిది సుమారు 9 రెట్లు. తేజస్సులో ఒకటి 79 సూర్యులకు, మరొకటి 73 సూర్యులకు దాదాపు సమానం. ఇంతటి జ్యోతిర్మూర్తులు రెండు ఒకదానికొకటి సుమారు 11 కోట్ల కిలోమీటర్ల దూరంలో, అనగా మనకూ సూర్యునికీ మధ్య ఉన్న దూరంకంటె దగ్గరగా పరిభ్రమిస్తున్నవి. కక్ష్య దాదాపు పరిపూర్ణ వృత్తం. అవి మనకు సుమారు 43 కాంతిసంవత్సరాల దూరంలో ఉన్నవి కనుక ఈ రాత్రి మన కంటిని చేరే కిరణం నలభై మూడేళ్ల క్రితం అక్కడ బయలుదేరినది.

వాటి వయస్సు సుమారు 60 కోట్ల సంవత్సరాలు మాత్రమే. మన సూర్యుని వయస్సు దాదాపు 460 కోట్ల సంవత్సరాలు. సూర్యుడు ఇంకా నడివయస్సులో ఉండగా, ఆయన కంటె ఎంతో చిన్నవైన ఈ రెండూ అప్పుడే వార్ధక్యంలో ప్రవేశించినవి. భారం అధికమైన తార తన ఇంధనాన్ని అతివేగంగా వ్యయం చేస్తుంది. గర్భంలోని హైడ్రోజన్ అంతా హీలియంగా మారిపోయినప్పుడు లోపల కుంచించుకొని, పైన ఉబ్బిపోతుంది. ఈ రెండింటిలో కొంచెం భారమైనది ఆ దశను దాటి హీలియాన్నే ఇంధనంగా దహిస్తున్నది. రెండవది ఇప్పుడే ఆ మార్పులో ఉన్నది, తన అక్షంపై సుమారు ఎనిమిదిన్నర దినాలకొకసారి తిరుగుతున్నది. పెద్దది తన చుట్టూ తాను తిరగడానికి సుమారు 104 దినాలు పడుతుంది. ఒకే గర్భంలో ఒకే సమయంలో జన్మించిన కవలలలో ద్రవ్యరాశిలోని స్వల్పభేదం ఇంతటి అవస్థాభేదానికి కారణమైనది.

ఇంకొక సంగతి ఉన్నది గాని, చెప్పడానికి కొంచెం భయంగా ఉన్నది. ఈ జంటకు చాలా దూరంలో, భూమికీ సూర్యునికీ మధ్య దూరానికి సుమారు పదివేల రెట్ల ఎడంలో, మసకగా వెలిగే రెండు చిన్న ఎర్ర తారలు వీటికి అనుబంధంగా ఉన్నవి. మొత్తం నాలుగు. "చూశారా, చతుర్ముఖ బ్రహ్మ!" అని రేపు ఎవరో ఒకరు సందేశం పంపకమానరు. పంపేవారికి నా విన్నపం: ఆ పని నేను ఒకసారి చేసి ఉన్నాను, ఇక చాలు.

తరువాతి వారం అదే మంటపంలో, ప్రవచనారంభంలోనే, "పోయినసారి నేను బ్రహ్మహృదయాన్ని గురించి చెప్పినది గ్రంథంలో లేదు. అది నా ప్రమాదం. క్షమించవలసినది" అని విన్నవించుకొన్నాను. ఆ అమ్మాయి ముందువరుసలోనే కూర్చుని ఉన్నది. తన పుస్తకంలో ఏదో కొట్టివేసి వ్రాసుకొన్నది.

సభానంతరం ఆలయ వ్యవహారాలు చూసే ఒక పెద్దాయన నన్ను ప్రక్కకు పిలిచి, "ఏమండీ, అంతమందిలో ఆ మాట చెప్పవలసిన అవసరమేమున్నది? ఈ రోజుల్లో పిల్లలు గుడికి రావడమే గొప్ప. ఏదో ఒక గొప్పతనం వింటేనే కదా వారికి మన శాస్త్రాలమీద గురి కుదిరేది. తప్పయితే తప్పే, ఎవరికి నష్టం? మీరే ఇలా కొట్టిపారేస్తే శ్రద్ధ చెడదా?" అని కొంచెం కోపంగానే అన్నారు. ఆయన జీవితమంతా ఆ ఆలయానికే ధారవోసినవారు. ఆయన ప్రశ్నను తేలికగా తీసివేయలేను. అప్పుడు సరియైన సమాధానం నాకు తోచలేదు. ఆ తరువాత పలుమార్లు ఆలోచించి ఇక్కడ వ్రాస్తున్నాను.

శ్రద్ధ అనగా దేనియందు? గురువాక్యమునందు, వేదాంతవాక్యమునందు నిశ్చయబుద్ధి శ్రద్ధ అని మన సంప్రదాయం. ఋషి చెప్పినదానిపై ఉంచవలసిన విశ్వాసాన్ని, ఋషి చెప్పనిదానిపైకి మళ్లించడం శ్రద్ధను పెంచడం కాదు. దానిని తప్పుడు ఖాతాలో జమ వేయడం. ఆ అమ్మాయి రేపు కళాశాలలో ఎవరితోనో ఈ మాట చెప్పి, వారు సూర్యసిద్ధాంతం తెరిచి చూపితే, ఆమె మనస్సులో చెడేది నామీది విశ్వాసం మాత్రమే కాదు. దహరవిద్య కూడా నా నోటనే విన్నది కదా. "నక్షత్రం సంగతి కల్పించినవాడు, హృదయాకాశం సంగతి కల్పించలేదని నమ్మకమేమిటి?" అని ఆమెకు తోస్తే తప్పు ఎవరిది? ప్రత్యక్షానికి అందే విషయంలో ఒక అసత్యం పలికినవాడు, ప్రత్యక్షానికి అందని విషయంలో ప్రమాణంగా నిలువలేడు. నష్టం ఎవరికి అని ఆయన అడిగారు. నష్టం ఉపనిషత్తుకు.

మరికొందరు ఇంకొక త్రోవలో వస్తారు. "ఋషులు కంటితో చూశారని ఎవరన్నారు? యోగదృష్టితో చూశారు. చంద్రునియందు సంయమం చేస్తే నక్షత్రవ్యూహజ్ఞానం కలుగుతుందని పతంజలి విభూతిపాదంలో చెప్పలేదా?" అని. చెప్పినాడు. ధ్రువునియందు సంయమంచేత తారల గతిజ్ఞానం కలుగుతుందనీ చెప్పినాడు. యోగసిద్ధులను నేను నిరాకరించడం లేదు. కాని ఇక్కడి ప్రశ్న ఋషులకు తెలియగలదా అన్నది కాదు, వారు చెప్పినారా అన్నది. సమర్థత వేరు, వచనం వేరు. మా తాతగారికి సంస్కృతంలో కావ్యం వ్రాయగల పాండిత్యం ఉండేది. అంతమాత్రాన ఆయన వ్రాయని కావ్యాన్ని ఆయన పేర అచ్చువేయించలేను. పైగా ఆ సిద్ధులే సమాధికి అంతరాయాలని అదే పాదంలో హెచ్చరిక ఉన్నది. మనమో, యోగి వదలివేయమన్నదానిని అతనికి కిరీటంగా పెట్టాలని తాపత్రయపడుతున్నాము.

ఇది బ్రహ్మహృదయానికి మాత్రమే పట్టిన బాధ కాదు. అరుంధతీవసిష్ఠులను గురించి తెలుగునాట ఈ ప్రచారం మరింత అధికం. "పాశ్చాత్యుల జంటతారలలో ఒకటి నిలిచి ఉంటే మరొకటి తిరుగుతుంది, మన అరుంధతీవసిష్ఠులు ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు, అందుకే వివాహంలో చూపిస్తారు" అని చదువుకున్నవారే చెబుతున్నారు. ఏ జంటతారలోనైనా రెండూ తమ ఉమ్మడి భారకేంద్రం చుట్టూ తిరుగుతాయి. ఒకటి నిలిచి మరొకటి తిరిగే జంట ఈ విశ్వంలో లేదు. వివాహంలో అరుంధతీదర్శనం యొక్క మహిమ ఆ తారల భ్రమణంలో లేదు, వధువు హృదయంలో కలిగే సంకల్పంలో ఉన్నది. అయినా పట్టపగటి ముహూర్తంలో, రేకుల పందిరి క్రింద నిలబెట్టి, "అమ్మా, అరుంధతి కనబడినదా?" అని పురోహితుడు అడగడం, "కనబడినది" అని పెండ్లికూతురు తలవంచుకొని చెప్పడం మనకు అలవాటైపోయినది. చూడకుండానే చూశామని చెప్పే విద్య మనకు అక్కడినుంచే అబ్బినదేమో! పరిహాసానికి అన్నాను, ఆగ్రహించవద్దు.

నిజానికి అరుంధతిని మన ఆచార్యులు ఎంత గొప్పగా వినియోగించుకొన్నారో చూడండి. స్థూలారుంధతీన్యాయం. అతిసూక్ష్మమైన అరుంధతిని నేరుగా చూపితే కంటికి ఆనదు. కనుక ముందు దాని సమీపంలోని పెద్ద తారను "ఇదే అరుంధతి" అని చూపి, దృష్టి అక్కడ నిలిచిన తరువాత "ఇది కాదు, దీని ప్రక్కనున్న చిన్నది" అని మరల్చుతారు. భగవత్పాదులు అన్నమయాది కోశాల నుంచి ఆనందమయం వరకు సాగే ఉపదేశక్రమాన్ని వివరించే సందర్భంలో ఈ న్యాయాన్ని స్మరించారు. ఇందులోని కీలకం రెండవ మెట్టు: "ఇది కాదు" అని ఉపసంహరించుకోవడం. మనము మొదటి మెట్టు ఎక్కి అక్కడే పీట వేసుకొని కూర్చున్నాము.

శాస్త్రప్రమాణాన్ని గురించి భగవత్పాదుల నిర్ణయం ఇంకా కఠినమైనది. గీతాభాష్యం పదునెనిమిదవ అధ్యాయంలో వారు స్పష్టం చేసినది ఏమనగా, శ్రుతి ప్రత్యక్షాదులకు గోచరించని విషయంలోనే ప్రమాణం. అగ్ని చల్లనిదని వంద శ్రుతులు చెప్పినా ఆ మాటకు ప్రామాణ్యం కలుగదు. ఇంతటి మాట అనగలిగిన ధైర్యం వేదంపై అచంచల విశ్వాసం కలవారికే ఉంటుంది. వేదానికి తన విషయంలో తనకు సాటిలేని అధికారమున్నదని ఎరిగినవారు దానిని పరుల విషయంలోనికి ఈడ్చి గెలిపించవలసిన పనిలేదు. ఆ మాటకు వస్తే, వర్ణపటదర్శిని అంగీకరించిన తరువాతనే బ్రహ్మహృదయం గొప్పదని మనము నమ్ముతున్నామంటే, పరమప్రమాణం ఎవరి చేతిలో పెట్టినట్లు? ఋషికి క్యాంప్‌బెల్ చేత యోగ్యతాపత్రం ఇప్పిస్తున్నాము. దీనిని భక్తి అనుకోవడం మన భ్రమ.

మన జ్యోతిష సిద్ధాంతకర్తలకు ఈ దైన్యం లేదు. వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో ఐదు సిద్ధాంతాలను సంగ్రహిస్తూ ఆరంభంలోనే తారతమ్యం తేల్చివేశాడు. పౌలిశం స్ఫుటమైనది, రోమకం దానికి సమీపం, సౌరం అంతకంటె స్ఫుటం, మిగిలిన రెండూ సత్యానికి చాలా దూరం అని ఆయన మతం. ఆ మిగిలిన రెండు ఏవో తెలుసునా? పైతామహం, వాసిష్ఠం. సాక్షాత్తు బ్రహ్మదేవుని పేర, వసిష్ఠమహర్షి పేర ఉన్న గ్రంథాలు! రోమకమన్న పేరులోనే విదేశీయత ఉన్నా, వాటికంటె అదే మేలన్నాడు. ఆయన ఆస్తిక్యాన్ని ఎవరైనా శంకించగలరా? కేరళదేశంలో పరమేశ్వరాచార్యులు దశాబ్దాల తరబడి గ్రహణాలను స్వయంగా పరిశీలించి, పాత గణితం ఆకాశంతో పొసగడం లేదని గ్రహించి, 1431లో దృగ్గణితాన్ని ప్రవర్తింపజేశారు. కంటికి కనిపించేదానితో గణితం ఏకీభవించాలన్న నియమం మనకు ఎవరో నేర్పినది కాదు. (ఏటా పండుగ ఏ రోజన్న వివాదంలో పూర్వపద్ధతి, దృక్పద్ధతి అని కలహించుకొనే మన పంచాంగకర్తలు ఈ సంగతి నాకంటె బాగా ఎరుగుదురు. ఆ కలహంలో తలదూర్చడం నా ఉద్దేశం కాదు.)

నేను గ్రంథం వెదకుతున్నప్పుడు నన్ను ఆపివేసిన వాక్యం మరొకటి. బ్రహ్మహృదయానికి విక్షేపం చెప్పిన తావులోనే, ఆ తారల జాబితా వెంటనే, సూర్యసిద్ధాంతం ఒక ఆదేశం ఇస్తుంది: గోలయంత్రాన్ని నిర్మించి, ఈ విక్షేపాన్నీ ధ్రువకాన్నీ స్ఫుటంగా పరీక్షించుకోవలసినది అని. చెప్పినవాడే పరీక్షించమన్నాడు! ఏడు అంశల భేదం నాకు అప్పుడు కళంకంగా తోచలేదు. పరీక్షించమని చెప్పి ఇచ్చిన సంఖ్యను పరీక్షించి సరిదిద్దడం ఆ గ్రంథానికి విధేయత చూపడమే. నిజానికి ఆ అమ్మాయి శ్లోకం అడిగినప్పుడు ఆ ఆదేశాన్నే పాటించినది. పాటించనిది నేను.

సభలో చెప్పదగిన మాట గ్రంథంలో లేకపోలేదు. తొమ్మిదవ అధ్యాయమైన ఉదయాస్తాధికారంలో ఉన్నది. గురుమౌఢ్యం, శుక్రమౌఢ్యం మన ఇండ్లలో అందరికీ తెలిసినవే. ఆ రోజుల్లో శుభకార్యాలు ఆపుతాము. గ్రహం సూర్యుని సమీపానికి వచ్చి ఆ కాంతిలో కనబడకుండా పోవడమే మూఢం. నక్షత్రాలకూ అట్లే ఏడాదికి కొన్ని వారాలు సూర్యకిరణాలలో లోపించడం ఉన్నది. కాని ఆరింటికి మాత్రం, అవి ఉత్తరంగా దూరాన ఉండుటచేత, సూర్యకిరణాల వలన లోపం లేదని సూర్యసిద్ధాంతం. అభిజిత్తు, బ్రహ్మహృదయం, స్వాతి, శ్రవణం, ధనిష్ఠ, ఉత్తరాభాద్ర. బ్రహ్మహృదయానికి మూఢం లేదు!

దీనిని లెక్కవేసి చూశాను. జూన్ రెండవ వారంలో సూర్యుడు ఆ తారకు సరిగా దక్షిణంగా వస్తాడు. ఆ రోజుల్లో ఉజ్జయిని అక్షాంశంలో ఆ తార సూర్యునికంటె సుమారు గంట ముందు ఉదయిస్తుంది, సూర్యుడు అస్తమించిన సుమారు గంటకు అస్తమిస్తుంది. ఒకే దినం సాయంసంధ్యలోనూ ప్రాతస్సంధ్యలోనూ అది దిగంతంపై ఉంటుంది. మన తెలుగునేలపై ఆ వ్యవధి ముప్పావుగంట లోపు. దిగంతానికి మరీ దగ్గరగా ఉండడంచేత, తొలకరి మేఘాల వలన చూడడం కష్టసాధ్యం. ఉత్తరానికి పోయేకొద్దీ సులభం. ఇది ఎవరైనా పరీక్షించుకోదగిన మాట, మన పూర్వులు చూసి చెప్పిన మాట. సూర్యుడు ఎంత సమీపించినా లోపించని బ్రహ్మహృదయం. ధ్యానానికి ఇంతకంటె ఏమి కావాలి? ఈ రత్నం చేతిలో ఉండగా నేను గాజుపూస కోసం చేయి చాచాను.

యుగ్మతార సంగతిని సాధకుడు పూర్తిగా విడిచిపెట్టాలా అంటే, అక్కరలేదు. ఋషిపై మోపకుండా, దృష్టాంతంగా స్వీకరించవచ్చు. నాకు తోచినది ఒకటి చెబుతాను. ఆ రెండు మహాతారల ద్రవ్యరాశులు దాదాపు సమానం గనుక అవి తిరిగే కేంద్రం ఇంచుమించు వాటి నడుమ ఉన్నది. ఆ కేంద్రంలో ఏమున్నది? ఏమీ లేదు. తార లేదు, కాంతి లేదు, చూడదగిన వస్తువు లేదు. నూట యాభై సూర్యుల తేజస్సు ఆ శూన్యస్థానాన్ని ఆశ్రయించి ప్రదక్షిణం చేస్తున్నది. హృదయంలో అల్పాకాశం అన్న ఉపదేశాన్ని చింతించేవేళ ఈ చిత్రం నా మనస్సుకు వస్తూ ఉంటుంది. అయితే దృష్టాంతం ఒక అంశంలోనే ఉపయోగం. ఆ కేంద్రం జడమైన గణితబిందువు, ఆత్మ చైతన్యస్వరూపం. సాదృశ్యం అక్కడితో సరి. ద్వైతులు ఈ రెండు తారలను జీవేశ్వరులని చెప్పుకోవచ్చు, అద్వైతులు రెండుగా కనిపించినా వెలుగు ఒకటే అనుకోవచ్చు. ఎవరి సిద్ధాంతాన్నీ కాపెల్లా నిరూపించదు, ఖండించదు. వర్ణపటంలో బ్రహ్మసూత్రాలను వెదకవద్దు.

ధనుర్మాసం వచ్చింది. తొలివారంలో ఒకనాడు వేకువ అయిదు గంటలకు ఆలయానికి వెళ్లినప్పుడు ఆ పెద్దాయన ద్వారం వద్ద నిలబడి ఉన్నారు. కార్తీకం నుంచి మా మధ్య మాటలు తగ్గినవి. చలి తీవ్రంగా ఉన్నది, ఆకాశం నిర్మలంగా ఉన్నది. "ఏదండీ మీ బ్రహ్మహృదయం?" అన్నారు ఆయన, నావైపు చూడకుండా. ధ్వజస్తంభం ప్రక్కకు తీసుకొనిపోయి వాయవ్యదిశలో, దిగంతానికి ఇరవై అంశల ఎత్తున పసుపు కాంతితో దిగుతున్న తారను చూపించాను. పొద్దుటిదాకా అస్తమించదని చెప్పాను. ఆయన కండ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకొని చాలాసేపు చూశారు.

"ఒకటే కనబడుతున్నదే" అన్నారు.

"అవునండీ. మన కంటికి ఒకటే."

"ఆ మూఢం లేదన్నది మాత్రం గ్రంథంలో ఉన్నదా?"

"ఉన్నది. తొమ్మిదవ అధ్యాయం. పుస్తకం తెచ్చి చూపిస్తాను."

"తెండి. ఆ అమ్మాయినీ రమ్మనండి" అని ఆయన లోపలికి నడిచారు. తిరుప్పావై మొదలైనది.